చిప్పులోనే లోపం ఉందని అనుమానం: తయారీ కంపెనీకి ఎలా రాస్తే పట్టించుకుంటారు?

బోరుమోటారు_నల్లగొండ

అందరికీ నమస్కారం. నల్లగొండలో మాకు చిన్న యూనిట్ ఉంది. బోరు మోటార్లకు మొబైల్ స్టార్టర్లు తయారుచేస్తాం. రైతు ఇంటి దగ్గర నుంచే ఫోనులో మోటారు వేసుకోవచ్చు. బోరులో నీళ్లు తగ్గితే మోటారు దానంతట అదే ఆగుతుంది, కరెంటు ఎక్కువ లాగినా ఆగుతుంది. ఆ కరెంటును కొలిచేది లోపల ఉండే 32 బిట్ మైక్రోకంట్రోలర్.

ఈ ఎండాకాలంలో కొత్త తలనొప్పి మొదలైంది. మిట్టమధ్యాహ్నం మోటారు మామూలుగా నడుస్తుండగానే స్టార్టర్ ‘ఓవర్‌లోడ్’ అని చూపించి ఆపేస్తోంది. పొద్దు వాలి డబ్బా చల్లబడ్డాక అదే స్టార్టర్ ఏమీ జరగనట్టు పనిచేస్తుంది. దేవరకొండ, మునుగోడు, చండూరు వైపుల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. ఒకే రీలు (చిప్పులు వరుసగా అమర్చి వచ్చే టేపు చుట్ట) చిప్పులతో చేసిన 400 బోర్డుల్లో 11 వెనక్కి వచ్చాయి. ఆ చిప్పుల మీద తేదీ కోడ్ 2231. అంతకుముందు రీలుతో చేసిన బోర్డులు అవే రేకు డబ్బాల్లో, అదే ఎండలో నిక్షేపంగా నడుస్తున్నాయి.

చిప్పు కంపెనీ సాంకేతిక సహాయ విభాగానికి రాశాను. ‘మీ సోల్డరింగ్ ఉష్ణోగ్రతలు సరిచూసుకోండి’ అని రెండు వాక్యాలు పంపి కేసు మూసేశారు. అవతల నారుమడి ఎండుతోందని రైతు ఫోను చేస్తుంటే నేను ఏమని సమాధానం చెప్పాలి? ఇంత పెద్ద కంపెనీకి మన మాట ఎక్కేలా ఎలా రాయాలో అనుభవం ఉన్నవారు చెప్పండి.

మిల్లుసోర్టర్ (మిర్యాలగూడ)

అన్నా, నేను రైస్ మిల్లుల్లో రంగును బట్టి బియ్యం ఏరే సోర్టర్ యంత్రాలు బాగుచేస్తాను. వాటిలో కెమెరా కార్డులు, వాల్వు కార్డులు ఎన్నో ఉంటాయి. చిప్పు పోయిందని నా దగ్గరికి తెచ్చిన కార్డుల్లో చాలావాటికి రోగం చిప్పులో ఉండదు, దాని చుట్టుపక్కల ఉంటుంది.

ముందుగా చిప్పులో ఆ కరెంటు కొలిచే కాలు (పిన్) పక్కన సిరామిక్ కెపాసిటర్ ఉంటే దాన్ని తీసి కొత్తది వేయండి. బోర్డును డబ్బాలో బిగించేటప్పుడు కాస్త వంగినా ఈ కెపాసిటర్లు లోపల పగులుతాయి. పైకి గీత కూడా కనిపించదు. ఆ పగులులో నుంచి కరెంటు కారుతుంది. రెండోది ఫ్లక్స్, అంటే సోల్డరింగ్‌లో వాడే జిగురు పదార్థం. చిప్పు కాళ్ల మధ్య మిగిలిన ఫ్లక్స్ తేమను పీల్చుకుని కరెంటుకు దారి ఇస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి బ్రష్‌తో కడిగి, ఆరబెట్టి మళ్లీ చూడండి.

ఇంకో మాట. మీ కరెంటు కాయిల్ (మోటారు కరెంటును పసిగట్టే చుట్ట) తీగ ఎంత పొడవు ఉంటుంది? ఆరుబయట మోటారు తీగల పక్కనే పోతుందా? కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు) ఆగిన ప్రతిసారీ, ఉరుములు ఉరిమిన ప్రతిసారీ ఆ తీగలో వోల్టేజీ ఎగిసి చిప్పు కాలి దాకా వస్తుంది. ఒక్క దెబ్బకు చిప్పు చావదు, కాలు మాత్రం దెబ్బతింటుంది. నా అనుమానమంతా దాని మీదే.

సూర్యాపేట_సోలార్

నా అభిప్రాయం వేరు. ఏడాదికి వెయ్యి చిప్పులు కొనేవాళ్ల ఉత్తరం వాళ్లు చదవరు. కార్ల కంపెనీ రాస్తే పరుగెత్తుకు వస్తారు, నల్లగొండ నుంచి రాస్తే యంత్రం జవాబిస్తుంది. ఆ రీలు పక్కన పడేసి వేరే రీలు కొనుక్కోండి. నష్టం నష్టమే, కనీసం సమయమైనా మిగులుతుంది.

నాణ్యత_విశ్రాంతి (వనపర్తి)

సూర్యాపేట మిత్రమా, మీ బాధ అర్థమవుతోంది గానీ ఆ మాటతో నేను ఏకీభవించను. ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో నాణ్యత విభాగంలోనే నా ఉద్యోగమంతా గడిచింది. చిన్నవాళ్ల ఉత్తరాలు బుట్టదాఖలు కావడం చూశాను, చిన్నవాళ్ల ఉత్తరమే పెద్ద లోపాన్ని బయటపెట్టిన సందర్భాలూ తెలుసు.

1994 నాటి ఇంటెల్ కంపెనీ పెంటియం చిప్పు సంగతి చిన్నవయసు వారికి తెలియకపోవచ్చు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని లించ్‌బర్గ్ కళాశాలలో థామస్ నైస్లీ అనే గణిత ఆచార్యుడు ఉండేవారు. జంట ప్రధాన సంఖ్యల విలోమాలను కూడుతూ పోయే లెక్క చేస్తున్నారు. పెంటియం కంప్యూటరును చేర్చాక లెక్క తేడా వచ్చింది. ఆయన వెంటనే ఇంటెల్ మీద పడలేదు. తన ప్రోగ్రామును అనుమానించారు, కంపైలరును అనుమానించారు, మదర్‌బోర్డును అనుమానించారు. పాత 486 చిప్పు మీద అదే లెక్క సరిగా వచ్చింది. వేరే పెంటియం యంత్రాల మీద అదే తప్పు వచ్చింది. చివరికి 824633702441 అనే ఒక్క సంఖ్య దగ్గరికి తెచ్చారు: 1ని దీనితో భాగిస్తే అప్పటి ఏ పెంటియమైనా తప్పు జవాబు ఇచ్చేది. అక్టోబరులో ఇంటెల్‌కు తెలియజేశారు. సరైన స్పందన లేకపోవడంతో తోటివారికి ఈమెయిల్ చేశారు. అక్కడి నుంచి అది ప్రపంచమంతా పాకింది. భాగహారానికి వాడే పట్టికలో ఉండాల్సిన 5 విలువలు లేకపోవడమే కారణమని తేలింది. డిసెంబరు 20న ఇంటెల్ అడిగినవారందరికీ చిప్పు మార్చి ఇస్తామని ప్రకటించింది. 47.5 కోట్ల డాలర్ల భారం లెక్కల్లో చూపించాల్సి వచ్చింది.

ఆయన దగ్గర పెద్ద కొనుగోలు ఆర్డరు ఏదీ లేదు. ఎవరైనా తమ బల్ల మీద నిమిషంలో చేసి చూడగల పరీక్ష ఉంది. మీకు కావలసిందీ అదే.

మొదట చేయాల్సింది అటుదిటు మార్పిడి. చెడ్డ బోర్డు నుంచి చిప్పు తీసి మంచి బోర్డులో పెట్టండి, మంచి బోర్డు చిప్పును చెడ్డ బోర్డులో పెట్టండి. రోగం చిప్పుతో పాటు వెళ్లిందా, బోర్డులోనే ఉండిపోయిందా? తర్వాత ఆ చిప్పును తిరిగి తన సొంత బోర్డులో పెట్టి చూడాలి. ఈ చివరి అడుగును చాలామంది వదిలేస్తారు. చిప్పు తీసేటప్పుడు తగిలిన వేడికి ఫ్లక్స్ మరకలు కూడా పోతాయి కాబట్టి, తిరిగి పెట్టినప్పుడూ రోగం కనిపిస్తేనే రుజువు.

తీసే ముందు ఒక జాగ్రత్త. ప్లాస్టిక్ ప్యాకేజీ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఒక్కసారిగా వేడిచేస్తే ఆ తేమ ఆవిరై ప్యాకేజీని లోపల చీలుస్తుంది. అప్పుడు కంపెనీవాళ్లు చూసేది మీరు చేసిన గాయాన్ని, అసలు రోగాన్ని కాదు. జే-ఎస్‌టీడీ-033 ప్రమాణంలో ఎంత ఉష్ణోగ్రతలో ఎన్ని గంటలు ఆరబెట్టాలో పట్టికలు ఉన్నాయి. రిలేలు, ప్లాస్టిక్ కనెక్టర్లు 125 డిగ్రీలకు తట్టుకోవు. అటువంటి బోర్డులను తక్కువ వేడిలో ఎక్కువ సేపు ఉంచాలి.

బోరుమోటారు_నల్లగొండ

సార్, మీరు చెప్పినట్టే ఆరబెట్టి చిప్పులు మార్చి చూశాను. రోగం చిప్పుతో పాటు వెళ్లింది. మంచి చిప్పు పడిన చెడ్డ బోర్డు బాగైంది. చిప్పును సొంత బోర్డుకు తెచ్చాక మళ్లీ మొదలైంది. మిర్యాలగూడ అన్న చెప్పినట్టు కెపాసిటర్లు కూడా మార్చాను, బోర్డు కడిగాను. తేడా లేదు.

అన్నా, తీగ విషయం మీరన్నది నిజమే. కొన్ని పొలాల్లో కాయిల్ డబ్బాకు దూరంగా ఉంటుంది. ఆ అనుమానాన్ని ఎలా తీర్చుకోవాలి?

అప్లికేషన్_డెస్క్ (నాగర్‌కర్నూల్)

ఈ చర్చ ఇప్పుడే చూశాను. ఒక చిప్పు కంపెనీ సాంకేతిక సహాయ విభాగంలో పనిచేశాను. ఏ కంపెనీ అన్నది ముఖ్యం కాదు, పద్ధతి దాదాపు అన్ని చోట్లా ఒకటే. బల్లకు అవతలి వైపు ఏం జరుగుతుందో చెబుతాను.

‘మీ చిప్పు పాడైంది, వెంటనే చర్య తీసుకోండి’ అనే ఉత్తరాలు అక్కడికి పొద్దస్తమానం వస్తుంటాయి. వాటిలో ఎక్కువ భాగం సర్క్యూట్‌లోనో ప్రోగ్రాములోనో ఉన్న పొరపాట్లే. అందుకే మొదటి వరుసలో కూర్చున్నవారు ముందుగా రాసిపెట్టిన జవాబు పంపుతారు. అది అవమానం కాదు, జల్లెడ. ఆ జల్లెడ దాటాలంటే ఉత్తరంలో కొన్ని విషయాలు కంటికి కనబడాలి.

చిప్పు పూర్తి పార్ట్ నంబరు, చివరి అక్షరాలతో సహా. పై ముద్రలో ఉన్న ప్రతి వరుస, మీరు టైపు చేసినది కాకుండా స్పష్టమైన ఫొటో. తేదీ కోడ్ 2231 అంటే 2022లో 31వ వారం అని మనకు తెలుసు, కానీ కర్మాగారంలో వెతకడానికి వాళ్లకు లాట్ కోడ్ (కలిపి తయారైన సరుకుకు ఇచ్చే గుర్తు) కావాలి. అది రీలు మీది లేబులులో ఉంటుంది. ఆ లేబులు పారేయకండి. తర్వాత, ఎక్కడ కొన్నారు? కంపెనీ అధీకృత పంపిణీదారు దగ్గర కొన్న బిల్లు ఉంటే కేసు ముందుకు కదులుతుంది. బయట దుకాణంలో కొన్నవైతే ‘ఇది మాదేనని చెప్పలేం’ అని అక్కడితో ఆపుతారు. ఎన్ని వాడారు, ఎన్ని చెడిపోయాయి, మొదటి రోజు నుంచే అలా ఉన్నాయా, కొంతకాలం నడిచాక చెడ్డాయా అన్నది కూడా రాయండి.

ఉత్తరంలో ‘లోపం’ అన్న మాట వాడకండి. మీరు చూసింది ఒకటి, ఊహించింది ఒకటి. ఆ రెండూ ఒకే వాక్యంలో కలిస్తే చదివే ఇంజనీరు ఊహతో వాదిస్తాడు, చూసినదాన్ని వదిలేస్తాడు.

ఇప్పుడు అసలు ప్రశ్న. కరెంటు కొలిచే కాలి దగ్గర మీ సర్క్యూట్ ఎలా ఉంది?

బోరుమోటారు_నల్లగొండ

మేడమ్, రీలు అధీకృత పంపిణీదారు దగ్గరే కొన్నాం, బిల్లు ఉంది, లేబులు రీలు మీదే ఉంది. కాలి దగ్గర ఒక్కొక్కటి లక్ష ఓమ్‌ల (100 కిలో ఓమ్‌ల) రెసిస్టర్లు రెండు పెట్టి 3.3 వోల్టులను సగం చేసి, ఆ మధ్య బిందువు మీద కాయిల్ సిగ్నల్‌ను కూర్చోబెట్టాం. వేడెక్కినప్పుడు ఆ మధ్య బిందువు 1.65 నుంచి 1.35 వోల్టుల దాకా దిగిపోతోంది. అందుకే మోటారు కరెంటు ఎక్కువైనట్టు లెక్కపడుతోంది.

అప్లికేషన్_డెస్క్ (నాగర్‌కర్నూల్)

ఇది చాలా మంచి ఆధారం. లెక్క చూడండి. లక్ష ఓమ్‌ల రెసిస్టర్లు రెండు సమాంతరంగా ఉంటే 50 కిలో ఓమ్‌లు. 0.3 వోల్టులు దిగిందంటే ఆ కాలు సుమారు 6 మైక్రో ఆంపియర్లు లోపలికి పీల్చుకుంటోంది. మీ చిప్పు డేటాషీటులో (కంపెనీ ఇచ్చే వివరాల పత్రం) ఇన్‌పుట్ లీకేజీ, అంటే కాలి గుండా కారే కరెంటు, గరిష్ఠం ఎంత?

బోరుమోటారు_నల్లగొండ

1 మైక్రో ఆంపియర్, మేడమ్.

అప్లికేషన్_డెస్క్ (నాగర్‌కర్నూల్)

అయితే మీ ఉత్తరం మొత్తం ఈ ఒక్క సంఖ్య మీద నిలబడాలి. వాళ్లు మొదట అనేది ‘మీ రెసిస్టర్లు మరీ పెద్దవి’ అని. అందులో నిజం ఉంది. డేటాషీటు అనుమతించిన 1 మైక్రో ఆంపియరే కారినా మీ మధ్య బిందువు 50 మిల్లీవోల్టులు జరుగుతుంది. 12 బిట్ల కొలతలో (మొత్తం 4096 గుర్తులు) అది 60 గుర్తుల పైమాటే. ఆ సంగతి మీరే ముందుగా రాయండి. ‘మా సర్క్యూట్ 1 మైక్రో ఆంపియర్ వరకు తట్టుకునేలా మారుస్తాం, కానీ మేము కొలిచింది దానికి ఆరింతలు’ అంటే వాదనకు చోటుండదు.

మీ బోర్డు ప్రమేయం లేకుండా కొలవండి. చిప్పుకు పవర్ ఇచ్చి ఆ కాలిని అనలాగ్ ఇన్‌పుట్‌గా పెట్టండి. 3.3 వోల్టుల నుంచి ఆ కాలికి ఒకే ఒక్క 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్. ఆ రెసిస్టర్‌కు రెండు వైపులా మల్టీమీటర్ పెట్టండి. 1 మైక్రో ఆంపియర్ కారితే 100 మిల్లీవోల్టులు చూపిస్తుంది. మామూలు మీటరు లోపలి నిరోధం 10 మెగా ఓమ్‌లు కాబట్టి కొలతలో ఒక శాతం తేడా వస్తుంది, ఇక్కడ అది లెక్కలోకి రాదు. తర్వాత రెసిస్టర్‌ను 3.3కి బదులు గ్రౌండ్‌కు కలిపి కొలవండి. కారుతున్నది గ్రౌండ్ వైపా, సప్లై వైపా అన్నది తెలుస్తుంది. పక్క కాళ్లు కూడా కొలవండి.

మిల్లుసోర్టర్ (మిర్యాలగూడ)

మేడమ్ చెప్పిన కొలత బాగుంది. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. పొలంలో దెబ్బతిన్న చిప్పు కూడా ఇలాగే కారుతుంది కదా. కాలి లోపలి రక్షణ డయోడు సగం కాలితే జరిగేది ఇదే. చిప్పు కంపెనీలు వెనక్కి వచ్చిన చిప్పులను విప్పి చూసి తరచుగా ఇచ్చే తీర్పు కూడా ఇదే: విద్యుత్ ఒత్తిడి వల్ల నష్టం, తప్పు వాడుకదారుదే.

పొలం మొహం చూడని చిప్పులను కొలవాలి. అదే రీలులో మిగిలినవి. అవి బాగుంటే నా మాట నిజం. అవీ కారితే కంపెనీ సంజాయిషీ చెప్పాలి.

పాలమూరు_ఈసీఈ (మహబూబ్‌నగర్)

అన్నా, నేను ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా కాలేజీ ప్రయోగశాలలో ఉష్ణోగ్రత నియంత్రణ ఉన్న ఓవెన్ ఉంది. మా సార్‌ను అడిగాను, వాడుకోమన్నారు. చిప్పును సోల్డర్ చేయకుండా పెట్టి తీసే 48 కాళ్ల సాకెట్ మీరు తెస్తే, మిగతావి నేను ఏర్పాటు చేస్తాను. మీరు నల్లగొండ నుంచి వచ్చే రోజు చెప్పండి.

అక్కా, నాదొక సందేహం. ఎర్రేటా పత్రంలో (చిప్పులో తెలిసిన దోషాలను కంపెనీయే ప్రకటించే జాబితా) ఈ సమస్య ముందే ఉండవచ్చా? ఎస్‌టీఎం32ఎఫ్1 మైక్రోకంట్రోలర్ల శ్రేణిలో ఐ2సీ (చిప్పులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగల పద్ధతి) అనలాగ్ ఫిల్టర్ వల్ల బిజీ ఫ్లాగ్ ఇరుక్కుపోతుందని వాళ్ల ఎర్రేటాలోనే ఉంది, దానికి పరిష్కారం కూడా రాశారు. అది తెలియక మా సీనియర్లు నెలల తరబడి తీగలు మార్చారు. నకిలీ చిప్పుల సంగతి కూడా చూడాలా? బ్లూ పిల్ అనే చవక బోర్డుల్లో ఎస్‌టీఎం32 అని ముద్ర ఉండి లోపల వేరే కంపెనీ చిప్పు ఉన్నవి ఉన్నాయి కదా. డీబగ్గర్‌తో గుర్తింపు కోడ్ చదివితే 0x1ba01477కు బదులు 0x2ba01477 వస్తుంది.

అప్లికేషన్_డెస్క్ (నాగర్‌కర్నూల్)

తమ్ముడూ, రెండు ప్రశ్నలూ సరైనవే. ఎర్రేటా చూడకుండా ఉత్తరం రాయకూడదు. పత్రం చూసేటప్పుడు చిప్పు రివిజన్ అక్షరం సరిపోల్చుకోవాలి, ఒక రివిజన్‌లో ఉన్న దోషం తర్వాతి రివిజన్‌లో ఉండకపోవచ్చు. అయితే ఎర్రేటాలో ఉండేవి డిజైన్ దోషాలు, ఆ రివిజన్ చిప్పులన్నింటిలో ఉంటాయి. 400లో 11 మాత్రమే చెడితే అది డిజైన్ దోషం కాదు. కొన్నింటిలోనే ఉంది, వేడిలోనే కనిపిస్తోంది, ఒకే రీలులో ఉంది. తయారీలో ఎక్కడో జారిందనడానికి ఇవి ఆనవాళ్లు. ఎర్రేటా చూశామని, అందులో ఇది లేదని ఉత్తరంలో ఒక వాక్యం రాస్తే చాలు.

బోరుమోటారు_నల్లగొండ

మహబూబ్‌నగర్ వెళ్లి వచ్చాను. తమ్ముడూ, అతని సార్ ఇద్దరూ చాలా శ్రద్ధగా సాయం చేశారు, వారికి కృతజ్ఞతలు.

2231 రీలులో టేపు నుంచి నేరుగా కత్తిరించిన 40 చిప్పులు కొలిచాం. చేతికి గ్రౌండ్ పట్టీ కట్టుకుని, చిప్పును వాక్యూమ్ పెన్నుతో మాత్రమే పట్టుకున్నాం. 25 డిగ్రీల దగ్గర అన్నీ 5 మిల్లీవోల్టుల లోపే. ఓవెన్‌ను 60 డిగ్రీలకు పెంచాక 38 చిప్పులు అలాగే ఉన్నాయి. రెండు మాత్రం కదిలాయి. ఒకటి 480 మిల్లీవోల్టులు, ఇంకొకటి 610. మీటరులో అంకెలు ఒకదాని తర్వాత ఒకటి ఎక్కుతూ పోవడం అందరం చూశాం. ఓవెన్ తలుపు తెరిచి చల్లబరిస్తే దిగాయి, మళ్లీ వేడిచేస్తే మళ్లీ అక్కడికే వచ్చాయి. సాకెట్‌లో చిప్పు తీసి ఖాళీగా కొలిస్తే ఏమీ లేదు, కాబట్టి సాకెట్ కారడం కాదు. కారుతున్నది గ్రౌండ్ వైపు. రెండింటిలోనూ ఒకే కాలు, పొలం నుంచి వచ్చిన వాటిలో చెడినదే. పక్క కాళ్లు బాగున్నాయి.

పాత రీలులో మిగిలిన 20 కూడా కొలిచాం. 60 డిగ్రీల దగ్గర అన్నీ 5 మిల్లీవోల్టుల లోపే.

మిల్లుసోర్టర్ (మిర్యాలగూడ)

అయితే పొలంలో తగిలిన దెబ్బ కాదు. టేపులో నుంచి తీసిన చిప్పుకు ఏ పిడుగూ తగలదు. ఇక గట్టిగా రాయండి అన్నా. తీగ దగ్గర రక్షణ మాత్రం పెట్టండి, అది వేరే విషయం. కాలికి ముందు 1 కిలో ఓమ్ రెసిస్టర్, రెండు డయోడ్ల క్లాంపు చాలు.

బోరుమోటారు_నల్లగొండ

ఉత్తరం ముసాయిదా ఇక్కడ పెడుతున్నాను. ఇంగ్లిషులో పంపేది ఇదే, సారాంశం తెలుగులో:

‘విషయం: ఒక లాట్‌లో 60 డిగ్రీల దగ్గర ఒక అనలాగ్ కాలి లీకేజీ డేటాషీటు గరిష్ఠం కంటే ఎక్కువ (1 మైక్రో ఆంపియర్‌కు బదులు 4.8, 6.1). పార్ట్ నంబరు, లాట్ కోడ్, తేదీ కోడ్ కింద ఉన్నాయి. అధీకృత పంపిణీదారు బిల్లు, రీలు లేబులు ఫొటోలు జతచేశాం. వాడని 40 చిప్పుల్లో 2, అమర్చిన 400లో ఇప్పటివరకు 11. వేరే లాట్‌కు చెందిన 20 చిప్పుల్లో ఒక్కటీ లేదు. కొలత పద్ధతి: 3.3 వోల్టుల నుంచి 100 కిలో ఓమ్‌లు, కాలు అనలాగ్ ఇన్‌పుట్‌గా. చల్లబరిస్తే తగ్గుతుంది, వేడిచేస్తే తిరిగి వస్తుంది. బోర్డుల మధ్య చిప్పులు మార్చి చూస్తే సమస్య చిప్పుతోనే వెళ్లింది. ఎర్రేటా చూశాం, ఇది లేదు. మా సర్క్యూట్‌లో మూల నిరోధం 50 కిలో ఓమ్‌లు. దాన్ని తగ్గిస్తున్నాం, అయినా పై కొలత ఆ సర్క్యూట్‌తో సంబంధం లేకుండా చేసింది. మీ సోల్డరింగ్ సూచన చూశాం, ఈ రెండు చిప్పులు ఎన్నడూ సోల్డర్ కాలేదు. విశ్లేషణకు నమూనాలు పంపడానికి సిద్ధం. ఎలా పంపాలో తెలియజేయగలరు.’

అప్లికేషన్_డెస్క్ (నాగర్‌కర్నూల్)

బాగుంది. చివరి వాక్యాలకు ముందు ఒక గ్రాఫు జతచేయండి: ఉష్ణోగ్రత అడ్డంగా, మిల్లీవోల్టులు నిలువుగా, రెండు చెడ్డ చిప్పులు, రెండు మంచి చిప్పులు. ఉత్తరం చదవని మేనేజరు కూడా గ్రాఫు చూస్తాడు. కొత్త కేసు తెరవకండి, మూసేసిన పాత కేసునే తిరిగి తెరవమని అడగండి. ప్రతి నకలు పంపిణీదారు ఫీల్డ్ ఇంజనీరుకు కూడా పంపండి. చిన్న కొనుగోలుదారుల తరఫున కంపెనీలో తలుపు తట్టగలిగేది ఆయనే.

నాణ్యత_విశ్రాంతి (వనపర్తి)

పంపేటప్పుడు చెడ్డవి ఉన్నవన్నీ పంపకండి. ఒక చెడ్డ చిప్పు మీ దగ్గర ఉంచుకోండి. పొలం నుంచి వచ్చిన ఒకటి, టేపులోవి రెండూ పంపండి, పోల్చడానికి రెండు మంచివి కూడా. ఒక్కొక్కదాన్ని స్థిర విద్యుత్తు నుంచి కాపాడే విడి సంచిలో పెట్టి, మీ కొలత సంఖ్య సంచి మీద రాయండి, చిప్పు మీద కాదు. చిప్పు మీద మార్కర్ గీత కూడా పెట్టకూడదు. కాళ్లు వంగకుండా ట్రేలో పెట్టండి. వాళ్లు మొదట కర్వ్ ట్రేసర్‌తో (వోల్టేజీని బట్టి కరెంటు ఎలా మారుతుందో గీసే పరికరం) కాళ్లు చూస్తారు, తర్వాత ఎక్స్‌రే, శబ్ద తరంగాలతో చీలికలు చూడడం, చివరికి ఆమ్లంతో ప్లాస్టిక్ కరిగించి లోపలి చిప్పు చూడడం. చివరి దశ తర్వాత ఆ చిప్పు తిరిగి రాదు.

జవాబుగా ‘8డీ’ నివేదిక అడగండి. సమస్యను ఎనిమిది మెట్లలో పరిష్కరించే పద్ధతి అది, 1987లో ఫోర్డ్ కంపెనీ పుస్తకరూపంలో పెట్టింది, ఇప్పుడు చాలా చిప్పు కంపెనీలు వాడుతున్నాయి. అందులో మూడో మెట్టు మీకు ముఖ్యం: మూల కారణం తేలేలోపు మిగతా సరుకును ఎలా ఆపుతున్నారు అన్నది. కారణం కోసం నెలలు పట్టవచ్చు. మూడో మెట్టు మాత్రం రోజుల్లో రావాలి, రాకపోతే గట్టిగా అడగండి.

సూర్యాపేట_సోలార్

మీ పట్టుదల మెచ్చుకుంటున్నాను. కానీ పొలాల్లో ఉన్న మిగతా 389 సంగతి ఏమిటి? కంపెనీ జవాబు వచ్చేలోగా ఎండలు ముదురుతాయి. ఒక్క మధ్యాహ్నం నీళ్లు ఆగినా మొక్కజొన్న తట్టుకోదు.

అప్లికేషన్_డెస్క్ (నాగర్‌కర్నూల్)

దానికి ప్రోగ్రాములో దారి ఉంది. మధ్య బిందువును స్థిరంగా 2048 (4096లో సగం) అనుకోకుండా, ప్రతి సెకను నమూనాల సగటు తీసి దాన్ని తీసివేయండి. మధ్య బిందువు ఎటు జరిగినా మోటారు కరెంటు లెక్క చెడదు. 0.3 వోల్టులు దిగినా పైన, కింద సిగ్నల్‌కు చోటు మిగులుతుంది. సగటు 1.5 వోల్టుల కంటే దిగిన స్టార్టర్ల నుంచి మీకు సందేశం వచ్చేలా చేయండి. ఏ పొలంలో ఏ చిప్పు కారుతోందో ఇంట్లో కూర్చుని తెలుసుకోవచ్చు.

బోరుమోటారు_నల్లగొండ

మేడమ్, మా స్టార్టర్లకు సిమ్ ద్వారా ప్రోగ్రాము మార్చే వీలుంది. సగటు పద్ధతి పెట్టి దశలవారీగా పంపాను. ముందుగా చండూరు వైపు, తర్వాత మిగతావి. ఓవర్‌లోడ్ ఫిర్యాదులు ఆగాయి. ఇప్పటికి మరో నాలుగు స్టార్టర్లు మధ్య బిందువు దిగిందని సందేశం పంపాయి, వాటిని మార్చేస్తున్నాం. కొత్త బోర్డుల్లో 100 కిలో ఓమ్‌లకు బదులు 10 కిలో ఓమ్‌లు వేస్తున్నాం, మిర్యాలగూడ అన్న చెప్పిన క్లాంపు కూడా.

నమూనాలు ఆర్టీసీ కార్గోలో హైదరాబాద్‌లోని పంపిణీదారుకు చేర్చాను. ఆయన కంపెనీకి పంపారు. పాత కేసు తిరిగి తెరిచారు, ఈసారి ఒక ఇంజనీరు పేరుతో జవాబు వచ్చింది.

పాలమూరు_ఈసీఈ (మహబూబ్‌నగర్)

అన్నా, ఏమైనా తెలిసిందా? మా సార్ రోజూ అడుగుతున్నారు.

బోరుమోటారు_నల్లగొండ

ఈ రోజే వచ్చింది. టేపులోని రెండు చిప్పుల్లోనూ ఆ కాలి లీకేజీ డేటాషీటు పరిమితి దాటిందని వాళ్ల కర్వ్ ట్రేసర్‌లో నిర్ధారించారు. పొలం నుంచి వచ్చినదాంట్లోనూ అదే వక్రరేఖ వచ్చిందని రాశారు. విద్యుత్ ఒత్తిడి ఆనవాళ్లు కనిపించలేదట. లోపలి పరిశీలన సాగుతోంది, మూల కారణం తర్వాత చెబుతామన్నారు. రీలులో మిగిలిన చిప్పులు వాడవద్దని లిఖితపూర్వకంగా చెప్పారు. మిగిలిన రీలుకు బదులు వేరే లాట్ రీలు పంపమని పంపిణీదారుకు ఆదేశం వెళ్లింది. అమర్చిన బోర్డుల ఖర్చు గురించి ఒక్క మాట లేదు. ఆ విషయం విడిగా రాస్తున్నాను.

నాణ్యత_విశ్రాంతి (వనపర్తి)

ఖర్చు విషయంలో వాళ్ల అమ్మకం నిబంధనలు చదవండి. చాలా కంపెనీలు చిప్పు ధర వరకే బాధ్యత తీసుకుంటాయి. అయినా అడగండి, రాతపూర్వకంగా అడగండి. మూడో మెట్టు అడిగారా? అదే లాట్ మరెవరికి వెళ్లిందో వాళ్లకు చెప్పారా?

బోరుమోటారు_నల్లగొండ

అడిగాను సార్. గోదాములో ఉన్న ఆ లాట్ సరుకును ఆపామన్నారు. ఇప్పటికే అమ్ముడైన వాటికి నోటీసు సంగతి మూల కారణం తేలాక చూస్తామన్నారు. అది నాకు నచ్చలేదు. కొన్నవారికి ఇప్పుడే చెప్పాలని మళ్లీ రాశాను.

గద్వాల_యూపీఎస్

ఇన్ని రోజులుగా మౌనంగా చదువుతున్నాను. మేము గద్వాలలో ఇన్వర్టర్ బోర్డులు చేస్తాం. మీరు మొదట్లో చెప్పిన 2231 కోడ్ చూసి మా అలమర వెతికితే అదే చిప్పు, అదే తేదీ కోడ్ ఉన్నవి కనిపించాయి. లాట్ కోడ్ మీకు వ్యక్తిగత సందేశంలో పంపాను. మా బోర్డులో ఆ కాలికి 4.7 కిలో ఓమ్‌లే ఉన్నాయి కాబట్టి ఇంతవరకు ఏ ఫిర్యాదూ రాలేదు. ఓవెన్ లేనివాళ్లం ఎలా కొలవాలి?

పాలమూరు_ఈసీఈ (మహబూబ్‌నగర్)

అన్నా, హాట్ ఎయిర్ గన్‌ను అతి తక్కువ వేడిలో పెట్టి దూరం నుంచి ఊదవచ్చు, కానీ ఉష్ణోగ్రత నిలకడగా ఉండదు, సాకెట్ కరిగే ప్రమాదం ఉంది. చిప్పులు తీసుకుని మహబూబ్‌నగర్ రండి. సాకెట్, రెసిస్టర్ అన్నీ ఇక్కడే ఉన్నాయి. లేబులు ఉన్న రీలు కూడా తెండి, ఫొటో తీద్దాం.

గద్వాల_యూపీఎస్

వెళ్లి వచ్చాను. లాట్ కోడ్ కూడా నల్లగొండ వారిదే. మా 30 చిప్పుల్లో ఒకటి 60 డిగ్రీల దగ్గర 530 మిల్లీవోల్టులు చూపించింది, అదే కాలు. పైన ఉన్న ముసాయిదాలో మా సంఖ్యలు వేసి, నల్లగొండ వారి కేసు నంబరు ప్రస్తావించి కంపెనీకి ఇప్పుడే పంపాను.